తుపాను రాత్రి వేరు, వాయిదా రోజు వేరు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. ఆ గాలి గురించి చెప్పాలంటే ‘గొంతు తడారిపోయింది, కాళ్ళూ చేతులూ చల్లబడిపోయాయి’ అంటాం. మాటవరసకి అనేవి కావు, రెండూ నిజంగా ఒంట్లో జరిగేవే.

పైకప్పు రేకు లేచిన చప్పుడు చెవిన పడగానే మెదడు లోపల, ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం ఉలిక్కిపడుతుంది. దాన్ని బాదంగింజతో పోలుస్తారు గానీ, పలాస వాళ్ళం జీడిపప్పు అనుకున్నా తప్పులేదు. అక్కణ్ణుంచి కబురు నరాల మీదుగా, మూత్రపిండాల నెత్తిన టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులకు క్షణాల్లో చేరుతుంది. అవి రక్తంలోకి అడ్రినలిన్ అనే హార్మోన్ వదులుతాయి. గుండె దడదడలాడుతుంది. కాలేయం దాచుకున్న చక్కెరను బయటికి తీస్తుంది. చర్మం కింది సన్నటి రక్తనాళాలు బిగుసుకుని, రక్తం కండరాల వైపు మళ్ళుతుంది. చేతులు చల్లబడేది అందుకే. లాలాజలం తగ్గి నోరు ఎండిపోతుంది. జీర్ణక్రియ కూడా వాయిదా పడుతుంది. 1890ల్లో వాల్టర్ కానన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పిల్లి కడుపును ఎక్స్‌రేలో చూస్తుంటే, అది బెదిరినప్పుడల్లా కడుపు కదలిక ఆగిపోయేదట. గాలి రాత్రి మనకి మాత్రం అన్నం సయిస్తుందా?

అడ్రినలిన్ నిమిషాల్లో కరిగిపోతుంది. దాని వెనకే కాస్త నెమ్మదిగా కార్టిసాల్ అనే ఇంకో హార్మోన్ వస్తుంది. మెదడులోని హైపోథాలమస్ అనే భాగం దాని కిందే ఉన్న పిట్యూటరీ గ్రంథికి చెబితే, పిట్యూటరీ అడ్రినల్‌కు చెబుతుంది. కార్టిసాల్ రక్తంలో చక్కెర పడిపోకుండా చూస్తుంది. సరిపడా చేరాక ‘ఇక చాలు’ అని మెదడే ఆపుతుంది.

ఇంతవరకూ ఏర్పాటు బాగానే ఉంది. తెల్లారి చూస్తే పలాస చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో జీడి, కొబ్బరి తోటలు నేలమట్టం. నాటు కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఆరేడేళ్ళు. అప్పు వాయిదా మాత్రం నెలనెలా వస్తుంది. పాముకీ వాయిదాకీ శరీరం మోగించే గంట ఒక్కటే. పాము పోతే గంట ఆగుతుంది, వాయిదా పోదే!

మామూలుగా కార్టిసాల్ తెల్లవారి ఎక్కువగా, అర్ధరాత్రికి తక్కువగా ఉండాలి. నెలల తరబడి దిగులైతే కొందరిలో ఈ లయ చెదురుతుంది. నిద్ర పట్టదు, బీపీ పెరుగుతుంది, పుండ్లు త్వరగా మానవు. ‘టెన్షన్ వల్లే షుగర్ వచ్చింది’ అనే మాటలో సగమే నిజం ఉందని నేననుకుంటాను. టెన్షన్ షుగర్‌ను ఎగదోస్తుంది, కానీ జబ్బుకు వంశం, బరువు, తిండి కూడా కారణాలే.

ఏ మూడింటికో మెలకువ వచ్చి, పడిపోయిన చెట్లు లెక్కపెట్టుకునే మనిషికీ గుండె దడదడలాడుతుంది, కాలేయం చక్కెర వదులుతుంది. ఆయన మంచం మీద పక్కకు తిరిగి పడుకుంటాడంతే. పరుగు కోసం వదిలిన చక్కెర రక్తంలోనే తిరుగుతుంటుంది.