అందరినీ ఆపని పోలీసులు: పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

రోడ్డు మీద ఎన్నో వాహనాలు నియమం తప్పి పోతుంటే ట్రాఫిక్ పోలీసులు ఒకరినో ఇద్దరినో మాత్రమే ఎందుకు ఆపుతారనీ, మిగిలినవారంతా తప్పించుకున్నట్టే కదా అనీ మీరు అడిగారు. పెద్దలు కూడా ఈ ప్రశ్న వేస్తారు. ఎక్కువగా తమను ఆపిన రోజునే వేస్తారు. జవాబు తెలియాలంటే పోలీసులు అక్కడ నిలబడేది ఎవరి కోసమో ముందు తేల్చుకోవాలి. వారి లెక్కలో ఆగిన ఆ ఒక్క మనిషి కంటే, అతడు ఆగడాన్ని చూస్తూ ముందుకు సాగిన వందలాది మంది ముఖ్యం. తామూ ఎప్పుడైనా, ఎక్కడైనా దొరికిపోవచ్చునన్న ఆలోచన వారి మనసులో పడితే పోలీసుల పని సగం అయినట్టే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2021లో ప్రపంచమంతటా సుమారు 11 లక్షల 90 వేల మంది రోడ్డు ప్రమాదాలలో మరణించారు. 5 నుంచి 29 ఏళ్ల లోపు వారి మరణాలకు మొదటి కారణం ఇదే, అంటే మీ ఈడు వారినీ, మీ అన్నలనూ అక్కలనూ అన్నిటికన్నా ఎక్కువగా బలిగొంటున్నది ఇదే. అయినా వాహనానికొక పోలీసును పెట్టగల దేశం ఎక్కడా లేదు. స్థానిక పోలీసులు దొంగతనాలూ, తగాదాలూ, తప్పిపోయిన పిల్లల వెతుకులాటా చూసుకుంటూనే, ఉన్న కొద్దిమందితో ఈ పని కూడా చేయాలి. కాబట్టి ఎంతమందిని పట్టుకోవాలన్న దానికన్నా, ఉన్నవారిని ఎక్కడ, ఎప్పుడు, ఎలా కనిపించేలా నిలబెట్టాలన్నదే వారికి పెద్ద ప్రశ్న అవుతుంది.

శిక్ష ఎంత కఠినమైనదన్న దానికంటే, తప్పు చేస్తే శిక్ష తప్పదన్న నమ్మకమే మనిషిని అదుపులో ఉంచుతుందని నేరాలూ శిక్షల గురించి రాసిన ఇటలీ మేధావి చెజారే బెక్కారియా 1764లోనే వాదించాడు. ఆయన కాలానికి మోటారు వాహనాలు లేవు గాని, రోడ్డు విషయంలో ఆ మాట ఎంత నిజమో రెండు దేశాల అనుభవం చూపించింది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాములకు మించి మద్యం ఉండగా వాహనం నడపడం నేరమని బ్రిటన్ 1967లో చట్టం చేసింది. దాని గురించి దేశమంతా చర్చ జరిగింది, అందరూ భయపడ్డారు, మరణాలు, ముఖ్యంగా రాత్రివేళ జరిగేవి, చెప్పుకోదగినంతగా తగ్గాయి. అయితే డ్రైవరు తాగినట్టు అనుమానం కలిగినప్పుడో, అతడు మరో నియమం ఉల్లంఘించినప్పుడో, ప్రమాదం జరిగినప్పుడో మాత్రమే పోలీసులు పరీక్ష చేయగలిగేవారు. నిజానికి తమను పరీక్షించే అవకాశం చాలా తక్కువని జనానికి మెల్లగా అర్థమైంది. చట్టం అలాగే ఉంది, శిక్షా అలాగే ఉంది, భయం మాత్రం పోయింది, కొన్నేళ్లలో ఆ మేలు కూడా కరిగిపోయింది.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 1982 డిసెంబరులో వేరే పద్ధతి మొదలుపెట్టింది. అనుమానం ఉన్నా లేకపోయినా, రోడ్డు పక్కన అందరికీ కనబడేలా నిలబడి, వచ్చిన ఏ డ్రైవరునైనా ఆపి శ్వాస పరీక్ష చేసే అధికారం పోలీసులకు ఇచ్చింది. అలా ఆపినవారిలో అత్యధికులు తాగనివారే అయి ఉంటారు, కాబట్టి దొరికినవారి సంఖ్యను మాత్రమే చూసేవారికి అది వృథా శ్రమగా కనిపిస్తుంది. కాని పరీక్ష చేయించుకుని ఇంటికి వెళ్లిన ప్రతి మనిషీ ఆ సంగతి నలుగురికి చెబుతాడు; మరుసటి వారం ఎక్కడికైనా విందుకు వెళ్లేముందు బండి ఎవరు నడపాలో ఆ నలుగురూ ఆలోచించుకుంటారు. అక్కడ మరణాలు గణనీయంగా తగ్గాయి, ఆ తగ్గుదల చాలాకాలం నిలిచింది కూడా. పరీక్షలో పర్యవేక్షకుడు గదంతా తిరుగుతుంటే ఎవరినీ పట్టుకోకుండానే కాపీలు ఆగిపోతాయి కదా, ఇదీ అంతే.

వేగం సంగతికి వస్తే, గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం ఒక్క సెకనులో 20 మీటర్లు దాటుతుంది, అంటే డ్రైవరు ప్రమాదాన్ని గమనించి బ్రేకు మీద కాలు వేసేలోపే అంత దూరం పోతుంది. బ్రేకు పడ్డాక ఆగడానికి పట్టే దూరమైతే వేగం రెట్టింపు కాగానే నాలుగు రెట్లవుతుంది. సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందువల్లే పెద్దలకు చాదస్తంగా తోచే చిన్న చిన్న హద్దులను పోలీసులు పట్టుబట్టి అమలు చేస్తారు. అయితే పోలీసు కనబడగానే నెమ్మదించి, కొంత దూరం పోగానే మళ్లీ వేగం పెంచే అలవాటు అన్ని దేశాలలోనూ ఉంది. దీనికి విరుగుడుగా కొన్నిచోట్ల రెండు కెమెరాలను దూరదూరంగా పెట్టి, మధ్య దూరానికి పట్టిన సమయాన్ని బట్టి సగటు వేగం కడతారు. 10 కిలోమీటర్ల దారిలో గంటకు 60 హద్దు అయితే కనీసం 10 నిమిషాలు పట్టాలి; 8 నిమిషాలలో చేరినవాడు 75 వేగంతో వచ్చాడని మీరే లెక్క వేయగలరు.

దాక్కుని పట్టుకోవడం న్యాయమా అని కూడా అడిగారు. ఎక్కడ ఏ కెమెరా ఉందో తెలియనప్పుడు జనం అంతటా జాగ్రత్తగా ఉంటారన్న వాదనలో కొంత పస ఉంది. అయినా నా మొగ్గు స్వీడన్ పద్ధతి వైపే. అక్కడ వేగ కెమెరాకు ముందు హెచ్చరిక బోర్డు పెడతారు, ఎందుకంటే వారికి కావలసింది జరిమానా సొమ్ము కాదు, ప్రమాదం ఉన్న ఆ చోట వాహనం నెమ్మదించడం. రోజుకు ఇన్ని జరిమానాలు రాయాలని పైనుంచి లెక్క పెట్టడం నా దృష్టిలో చెడ్డ పద్ధతి, ఎందుకంటే అప్పుడు పోలీసులు ప్రమాదం ఎక్కువ ఉన్న చోటుకు కాక, మనుషులు సులభంగా దొరికే చోటుకు వెళతారు. పలుకుబడి గల మనిషిని సిఫారసు మీద వదిలేయడం అంతకన్నా చెడ్డది. శిక్ష తప్పదన్న నమ్మకాన్ని అది అందరి కళ్ల ముందే చెరిపేస్తుంది.

హెచ్చరించి వదలడం మాత్రం వేరు. వెనుక దీపం మాడిపోయిన సంగతి తెలియని మనిషికి ఒక మాట చెబితే చాలు. తాగి నడిపేవాడికి అది చాలదు. ఆ తేడా గుర్తించే విచక్షణను చట్టం చాలా దేశాలలో అధికారికే వదిలింది. ఆపినా ఆగకుండా పారిపోయేవాడిని వెంటాడకుండా, బండి నంబరు రాసుకుని తర్వాత ఇంటికి వెళ్లే పోలీసులను చూస్తే మీకు చేతకానితనం అనిపించవచ్చు, కాని వెంటపడినకొద్దీ పారిపోయేవాడి వేగం పెరుగుతుంది, దారిలో ఏ సంబంధమూ లేని మనుషులు నడుస్తుంటారు.

చివరిగా, ప్రమాదం జరిగినచోట గాయపడినవారిని ఆసుపత్రికి పంపాక కూడా పోలీసులు గంటల తరబడి దారి మూసి ఏం చేస్తారన్నది మీ ప్రశ్న. టైర్ల జాడల పొడవు కొలుస్తారు, వాహనాలు ఏ వైపుకు తిరిగి ఆగాయో పటం గీస్తారు, వెలుతురు ఎంత ఉందో, చెట్టుకొమ్మ ఏదైనా సిగ్నలును కప్పిందేమో చూస్తారు, చూసినవారి వాంగ్మూలాలు రాసుకుంటారు. అందులో కొంత న్యాయస్థానానికి పోతుంది. మిగతాది సక్రమంగా నమోదైతే, ప్రమాదాలు జరిగిన చోట్లను గుర్తించే రోడ్ల పటం మీద ఒక చుక్కగా చేరుతుంది. ఒకేచోట చుక్కలు గుమిగూడితే తప్పు డ్రైవర్లది మాత్రమే కాదని తెలుస్తుంది, అప్పుడు రోడ్డు ఇంజనీర్లను పిలిచి మలుపును సరిచేయించడమో, దాటే చోటును మార్పించడమో చేయాలి. అది పూర్తయ్యేదాకా, ప్రమాదాలు జరుగుతున్న ఆ వేళల్లోనే, తనిఖీకి బృందాన్ని అక్కడికి పంపుతారు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య