ర్యాడ్లెట్ గూడ్స్ టెర్మినల్: అసలు మలుపు 2008 లేఖలో ఉంది

లండన్‌కు ఉత్తరాన, సెయింట్ ఆల్బన్స్ ఊరి పక్కన, పాత ర్యాడ్లెట్ విమానాశ్రయం నేల మీద గూడ్స్ టెర్మినల్ రూపుదిద్దుకుంటోంది. అంటే రైళ్లలో వచ్చే సరుకును దించి గిడ్డంగుల్లో పెట్టి లారీల్లో పంపే చోటు. పక్కనే మిడ్‌ల్యాండ్ మెయిన్ లైన్ రైలు మార్గం, దగ్గరలోనే ఎం25 మోటార్‌వే. ఆ నేలను ఆనుకుని పార్క్ స్ట్రీట్ అనే చిన్న ఊరు. ఈ ప్రాజెక్టు మాట వచ్చినప్పుడల్లా ఊరివాళ్లు అడిగే ప్రశ్న ఒక్కటే. స్థానిక కౌన్సిల్ రెండుసార్లు కాదంది, లండన్‌లో మంత్రి కూడా రెండుసార్లు కాదన్నారు. అయినా పని ఎలా మొదలైంది?

హ్యాండ్లీ పేజ్ కంపెనీ అక్కడ యుద్ధ విమానాలు తయారుచేసిన రోజులు, 1970లో అది మూతపడటం, ఆ తర్వాత కంకర తవ్వకాలు అక్కడ అందరూ విన్న కథే. 2006లో హీలియోస్లౌ అనే సంస్థ మొదటి దరఖాస్తు పెట్టింది. అది హీలియోస్, స్లౌ ఎస్టేట్స్ కలిసి పెట్టుకున్న సంస్థ. ఆ స్లౌ ఎస్టేట్సే ఇప్పటి సెగ్రో, గిడ్డంగులు కట్టే కంపెనీ. సెయింట్ ఆల్బన్స్ కౌన్సిల్ కాదంది, కంపెనీ అప్పీలుకు వెళ్లింది, బహిరంగ విచారణ జరిగింది. ఇంతవరకు ఇంగ్లండ్‌లో పెద్ద ప్రాజెక్టులకు తరచూ ఇలాగే జరుగుతుంది. అసలు విషయం ఆ విచారణ తర్వాత వచ్చిన ఉత్తర్వులో ఉంది.

2008 అక్టోబరులో అప్పటి మంత్రి హేజల్ బ్లియర్స్ అప్పీలును కొట్టేస్తూ ఉత్తర్వు లేఖ ఇచ్చారు. ఊళ్లో సంబరం చేసుకున్నారు. కానీ ఆ లేఖను చివరిదాకా చదివితే సంబరపడాల్సింది ఏమీ కనిపించదు. ఈ నేల గ్రీన్ బెల్ట్‌లో ఉంది. అంటే ఊళ్లు పెరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా ప్రభుత్వ విధానం ఖాళీగా ఉంచమన్న నేల. అక్కడ ఇంత పెద్ద కట్టడం రావాలంటే చాలా ప్రత్యేకమైన కారణం చూపాలి. లండన్‌కూ ఆగ్నేయ ఇంగ్లండ్‌కూ ఇలాంటి టెర్మినళ్లు అవసరమని మంత్రి ఒప్పుకున్నారు. ఆ అవసరానికి చాలా బరువుందని కూడా ఒప్పుకున్నారు. మరి ఎందుకు కాదన్నారు? ఇంతకంటే మంచి చోటు ఇంకెక్కడా లేదని కంపెనీ సరిగ్గా నిరూపించలేదు కాబట్టి. వేరే చోట్ల గురించి కంపెనీ చేసిన పరిశీలన లోపభూయిష్టంగా ఉందని తేల్చారు. అదొక్కటీ సరిగ్గా చూపించి ఉంటే అనుమతి దాదాపు ఖాయంగా వచ్చేదని అదే లేఖలో రాశారు.

ఆ మాటను ఎవరు ఎలా చదివారన్నదే తర్వాతి పదిహేనేళ్లను నడిపించింది. కంపెనీ దాన్ని అక్షరం అక్షరం చదివింది. ఏం సరిచేసుకుని రావాలో స్వయంగా మంత్రే చెప్పాక ఇంక సందేహం ఏముంది? వేరే చోట్ల పరిశీలనను కొత్తగా చేయించి, దాదాపు అదే ప్రాజెక్టుతో 2009లో మళ్లీ దరఖాస్తు పెట్టింది. ప్రాజెక్టును వ్యతిరేకించేవాళ్లలో చాలామందికి మాత్రం ‘కొట్టేశారు’ అన్న మాటే వినిపించింది. గ్రీన్ బెల్ట్ గెలిచిందనుకున్నారు. నిజానికి గ్రీన్ బెల్ట్‌కు జరిగే నష్టాన్ని మంత్రి ఒప్పుకుంటూనే, దాన్ని దాటి వెళ్లే దారి కూడా చూపించారు. పోరాటం ఆ దారికి అడ్డంగా నిలబడాల్సింది. రైలు మార్గంలో చోటుందా, రోడ్లు ఈ లారీలను మోయగలవా అన్న లెక్కల మీద బలమంతా పెట్టాల్సింది. ఆ వాదన వచ్చినా, బలమంతా దానిమీద పడలేదనే నాకు అనిపిస్తుంది.

కౌన్సిల్ 2009 జులైలో రెండోసారి కాదంది. ఆ ఏడాది చివర్లో రెండో విచారణ జరిగింది. ఈసారి విచారణాధికారి అనుమతి ఇమ్మనే సిఫారసు చేశారు. మధ్యలో ఎన్నికలు జరిగి ప్రభుత్వం మారింది. కొత్త మంత్రి ఎరిక్ పికిల్స్ 2010 జులైలో ఆ సిఫారసును పక్కన పెట్టి మళ్లీ కొట్టేశారు. స్లౌ దగ్గరి కోల్న్‌బ్రూక్‌లో ఇలాంటి టెర్మినల్ పెట్టొచ్చని, అక్కడ నష్టం తక్కువని ఆయన కారణం చూపారు. పార్క్ స్ట్రీట్‌లో మళ్లీ ఆనందం. అయితే కోల్న్‌బ్రూక్‌కు ఉన్నది గ్రీన్ బెల్ట్ రక్షణ ఒక్కటే కాదు. స్లౌకూ లండన్‌కూ మధ్య ఖాళీ పోకూడదని అక్కడ ఇంకో రక్షణ కూడా ఉంది. మంత్రి ఆ నియమాన్ని సరిగ్గా అర్థం చేసుకోలేదని 2011 జులైలో హైకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసింది.

జనం మెచ్చిన ఆ తిరస్కరణ ఏడాది కూడా నిలవలేదు. దానివల్ల ఊరికి నష్టమే జరిగిందని నా అభిప్రాయం. కారణం సరిగ్గా లేని తిరస్కరణ కోర్టులో పడిపోతే అవతలి పక్షం మరింత బలపడుతుంది. ఉత్తర్వు రద్దయ్యాక ఫైలు మళ్లీ మంత్రి దగ్గరికే వచ్చింది. ఈసారి ఆయన చేతిలో ఉన్నవి రెండే: 2008 లేఖ, అనుమతి ఇమ్మన్న విచారణాధికారి నివేదిక. 2012 డిసెంబరులో ఇవ్వడానికి మొగ్గు చూపుతున్నట్టు చెప్పారు, 2014 జులైలో ఇచ్చేశారు. కౌన్సిల్ కోర్టుకెక్కితే 2015లో ఆ కేసూ కొట్టేశారు. ఆ కోల్న్‌బ్రూక్ ప్రాజెక్టు సంగతి కూడా చెప్పాలి. 2016లో దానికి అనుమతి నిరాకరించారు. ర్యాడ్లెట్‌కు బదులుగా ఏ చోటునైతే చూపించారో, అక్కడ చివరికి ఏమీ రాలేదు.

కంపెనీ వైపు వాదన తేలికగా తీసేయదగ్గది కాదు. లండన్ చుట్టూ ఇలాంటి పెద్ద టెర్మినళ్లు మూడో నాలుగో కావాలని 2004లోనే స్ట్రాటెజిక్ రైల్ అథారిటీ అనే అప్పటి ప్రభుత్వ రైల్వే సంస్థ చెప్పింది. ఒక గూడ్స్ రైలు 76 లారీల దాకా రోడ్డు మీద నుంచి తగ్గించగలదని రైల్వే వాళ్లు చెప్తారు. గిడ్డంగుల చుట్టూ జనం తిరగడానికి పెద్ద పార్కు, పార్క్ స్ట్రీట్‌కు బైపాస్ రోడ్డు కూడా ప్రాజెక్టులో ఉన్నాయి.

ఇక భూమి సంగతి. ఆ నేలలో ఎక్కువ భాగం అప్పట్లో హెర్ట్‌ఫర్డ్‌షైర్ కౌంటీ కౌన్సిల్‌ది. ఇది సెయింట్ ఆల్బన్స్ కౌన్సిల్ కాదు, మొత్తం కౌంటీని చూసే వేరే సంస్థ. భూమి అమ్మకపోతే అనుమతి కాగితం అలాగే పడి ఉండేది. ప్రాజెక్టును వ్యతిరేకించేవాళ్ల ఆశంతా చాలాకాలం దీనిమీదే. 2018లో సెయింట్ ఆల్బన్స్ కౌన్సిల్ ఎక్కడ ఏం కట్టాలో చెప్పే తన కొత్త లోకల్ ప్లాన్ ముసాయిదాలో ఇదే నేల మీద పార్క్ స్ట్రీట్ గార్డెన్ విలేజ్ పేరుతో వేల ఇళ్లు రాసుకుంది. గూడ్స్ టెర్మినల్ కంటే ఇళ్లు నయమని చాలామందికి అనిపించి ఉండొచ్చు. కానీ గ్రీన్ బెల్ట్ కాపాడాలని పన్నెండేళ్లు వాదించిన కౌన్సిలే అక్కడ ఊరు కడతానంటే, ఆ వాదనను ఇంక ఎవరు నమ్ముతారు? ఆ ముసాయిదాను పరిశీలించిన అధికారులు ఈ విషయంతో సహా చాలా అభ్యంతరాలు చెప్పారు. 2020లో కౌన్సిల్ ఆ ప్లాన్‌ను వెనక్కి తీసుకుంది.

మరుసటి ఏడాది కౌంటీ కౌన్సిల్ భూమిని అమ్మడానికి నిర్ణయించింది. స్థానిక సంస్థ భూమి అమ్మితే దానికి వచ్చే మంచి ధరకే అమ్మాలని 1972 నాటి చట్టం చెప్తుంది. అనుమతి ఉన్న భూమికి ధర ఎక్కువ. అందుకే వద్దని చెప్పడం కౌంటీకి రోజురోజుకూ కష్టమైంది. 2008 లేఖ నుంచి ఈ అమ్మకం దాకా ఒకదాని వెంట ఒకటి వరసగా వచ్చినవే.

ఇప్పుడు నలుగుతున్న అసలు ప్రశ్న పట్టాల మీద చోటు. ఇది నాలుగు పట్టాల మార్గం. లెస్టర్, నాటింగ్‌హామ్, షెఫీల్డ్ వెళ్లే ఎక్స్‌ప్రెస్‌లు ఇందులోనే, బెడ్‌ఫర్డ్ నుంచి లండన్ మీదుగా బ్రైటన్ దాకా నడిచే థేమ్స్‌లింక్ రైళ్లు ఇందులోనే. ల్యూటన్ విమానాశ్రయం జనం కూడా ఇందులోనే ఎక్కుతారు. ఉదయం సెయింట్ ఆల్బన్స్ స్టేషన్‌లో నిలబడితే ఎవరికైనా పరిస్థితి అర్థమవుతుంది. ఒక్క రైలు ఆలస్యమైతే వెనకాల వచ్చేవన్నీ ఆగుతాయి, ఆఫీసుకు వెళ్లేవాళ్ల టెన్షన్ అంతా ఇంతా కాదు.

గూడ్స్ రైళ్లకు చోటు దొరుకుతుందా అన్న వాదన విచారణల్లోనూ వచ్చింది. అనుమతిని ఆపడానికి అది చాలదని తేల్చారు. ఆ రెండో విచారణ జరిగింది 2009లో. థేమ్స్‌లింక్ కొత్త టైమ్‌టేబుల్ 2018 మేలో వచ్చింది. అది మొదలైన వారాల్లో ఎన్ని రైళ్లు రద్దయ్యాయో ఆ లైన్లో ప్రయాణించేవాళ్లు మర్చిపోలేదు. ఇదే మార్గంలో బ్రెంట్ క్రాస్ వెస్ట్ స్టేషన్ 2023 డిసెంబరులో తెరిచారు. అంటే ఇంకో చోట రైళ్లు ఆగాలి. పెద్ద కంటైనర్లు దక్షిణం వైపు వెళ్లాలంటే సొరంగాల దగ్గర మార్గాన్ని కూడా సరిచేయాలి. 2014లో ఇచ్చిన అనుమతి ఈ మార్పులకు ముందటి పరిస్థితి చూసి ఇచ్చింది.

ఊరివాళ్ల భయం ఇక్కడే ఉంది. పట్టాలు వేయమని షరతు పెట్టొచ్చు, టెర్మినల్ కట్టమని పెట్టొచ్చు. ఆ టెర్మినల్‌కు రోజూ రైళ్లు వచ్చి తీరాలని షరతు పెట్టడం కష్టం. రైళ్లు రాకపోయినా 331,665 చదరపు మీటర్ల గిడ్డంగులు మాత్రం అక్కడే ఉంటాయి, పక్కనే మోటార్‌వే ఉంటుంది, లారీలు వస్తాయి. రైలు పేరు మీద లారీల అడ్డా కడుతున్నారని ప్రాజెక్టును వ్యతిరేకించే స్ట్రైఫ్ బృందం మొదటి నుంచీ అంటున్నది ఇదే. అందుకే ఇప్పుడు కావాల్సింది ఇప్పటి టైమ్‌టేబుల్‌లో గూడ్స్ రైళ్లకు ఏ గంటలో ఎన్ని రైళ్ల చోటు ఖాళీగా ఉందో చెప్పే లెక్క. ఆ లెక్క పట్టాలను చూసుకునే నెట్‌వర్క్ రైల్ సంస్థ చేతిలో ఉంటుంది. రోజూ ఆ రైళ్లలో నిలబడి ప్రయాణించేవాళ్లకు దాన్ని అడిగే హక్కు ఉంది.