తడి అంచు దగ్గరే అసలు కథ

వరదొస్తే మన గడప దాకా నీళ్ళొస్తాయా, వస్తే మోకాలి లోతా నడుం లోతా, ఎన్ని గంటలకి వస్తాయి, జనానికి కావాల్సింది ఇదే కదా. దీన్ని ముందే లెక్కేసే సాఫ్ట్‌వేర్లలో కొన్ని కోడ్‌తో సహా అందరికీ ఫ్రీగా దొరుకుతున్నాయి. ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ, అక్కడి ప్రభుత్వ భూశాస్త్ర సంస్థ జియోసైన్స్ ఆస్ట్రేలియా కలిసి తయారు చేసిన అనుగా అలాంటిదే, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కొంచెం వస్తే చాలు, మన ల్యాప్‌టాప్‌లోనే నడుస్తుంది.

అది నేలంతటినీ చిన్న చిన్న త్రికోణాలుగా విడగొడుతుంది. ఒక్కో త్రికోణంలో నీళ్ళు ఎంత లోతున్నాయి, ఎటువైపు ఎంత ఊపుతో (లోతుని వేగంతో గుణిస్తే వచ్చేది) పోతున్నాయి అని రాసిపెట్టుకుని, గీత దాటి పక్క త్రికోణంలోకి ఎంత పోయింది, అటునుంచి ఎంత వచ్చింది అని లెక్క చూసుకుంటూ పోతుంది. లెక్కకి మూలం ఫ్రాన్స్ ఇంజనీరు సాన్ వెనాన్ 1871లో ఇచ్చిన సమీకరణాలు. లెక్క కాలంలో చిన్న చిన్న అడుగులేస్తూ ముందుకు పోతుంది, ఒక్కో అడుగులో అల ఒక త్రికోణాన్ని దాటి అవతలికి దూకేయకూడదు, దూకితే లెక్క పేలిపోతుంది, ఈ షరతుని 1928లోనే కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ అనే గణితవేత్తలు తేల్చారు. అందుకే త్రికోణం కొలత సగానికి తగ్గిస్తే త్రికోణాలు 4 రెట్లు, అడుగులు 2 రెట్లు, మొత్తం పని 8 రెట్లు అవుతుంది.

నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది మాత్రం తడి నేల అయిపోయి పొడి నేల మొదలయ్యే ఆ అంచు. వేగం కావాలంటే ఊపుని లోతుతో భాగించాలి, అంచు దగ్గర లోతు దాదాపు సున్నా, అంటే వెంట్రుకంత నీటి పొర తుఫాను గాలి కంటే జోరుగా పోతున్నట్టు లెక్క వచ్చేస్తుంది! అందుకే ఇంతకంటే పల్చగా ఉంటే పొడి కిందే లెక్క అని ప్రోగ్రామ్‌లో ఒక హద్దు పెడతారు. ఆ హద్దు ఎంత పెట్టారన్నదాన్ని బట్టి మ్యాప్‌లో నీళ్ళు ఆగే చోటు కొంచెం అటూఇటూ అవ్వచ్చు, మరి ఆ గీతకి అటు ఇల్లున్నవాళ్ళు ఇటు ఇల్లున్నవాళ్ళు ఉంటారు కదా, వాళ్ళ తరఫున ఎవరో ఒకరు ఆ నంబర్ తెరిచి చూడగలగాలి. కోడ్ మూసిపెడితే అది కుదరదు, నేను ఓపెన్ సోర్స్ అని ఇంతగా పట్టుబట్టేది అందుకే.

నమ్మకం ఊరికే రాదు, నిజం నీళ్ళతో పోల్చి చూడాలి. 1993 జులైలో జపాన్‌లోని ఒకుషిరి దీవి మీద సునామీ పడ్డప్పుడు మోనాయ్ అనే చోట ఒక ఇరుకు లోయలో నీళ్ళు దాదాపు 30 మీటర్ల ఎత్తుకి ఎగబాకాయి. తర్వాత ఆ తీరాన్ని 400వ వంతు సైజులో ల్యాబ్ తొట్టిలో కట్టి, అల వదిలి కొలిచారు, ఆ కొలతలు ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉన్నాయి, అనుగాని కూడా వాటితోనే పరీక్షించారు.

ఇంత చేసినా నేల ఎత్తు తప్పైతే అంతా తప్పే. 2000లో స్పేస్ షటిల్ రాడార్‌తో కొలిచిన ఎత్తుల్లో గుబురు చెట్లున్న చోట నేల కాదు కొమ్మలే చాలావరకు వచ్చాయి. పైగా 30 మీటర్లకో ఎత్తు చొప్పున ఉన్న మ్యాప్‌లో 3 మీటర్ల వెడల్పు కరకట్ట అసలు కనపడనే కనపడదు, నీళ్ళు దాని మీంచి హాయిగా నడిచిపోతాయి. అలాంటప్పుడు అనుగాలో త్రికోణాల గీతలు సరిగ్గా ఆ కట్ట వెంబడే పోయేలా గీసి, కట్ట పైఎత్తుని ఆ గీతకి విడిగా ఇవ్వచ్చు, నీటిమట్టం ఆ ఎత్తు దాటితే తప్ప అవతలికి చుక్క పోదు.