ఏపీ 31 కారు, అటక మీద సైలెన్సర్

విశాఖలో ఎవరైనా 'మాడిఫై చేసిన జపాన్ కారు అమ్ముతున్నా' అంటే అది జపాన్‌లో ఓడెక్కి వచ్చిన బండి కాకపోవచ్చు. ఇక్కడి కుర్రకారుకి స్పోర్ట్స్ కారంటే 1998లో తిరువళ్లూరు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మిత్సుబిషి లాన్సర్, ఆ తర్వాత రెండు మూడేళ్లకు వచ్చిన హోండా సిటీ వీటెక్. 1.5 లీటర్ల ఇంజన్‌తోనే వీటెక్ నూరు హార్స్‌పవర్ దాటించేది. విదేశాల్లో వాడిన కార్లు తెచ్చుకోవడానికి 2001లో దారి తెరిచారు గానీ, బండి వయసు మూడేళ్లు దాటకూడదు, ముంబై రేవులోనే దించాలి, సుంకం తడిసి మోపెడవుతుంది. ఊళ్లో ఇంత పెద్ద హార్బర్ పెట్టుకుని మనవాళ్లు ముంబై వైపు చూడాలన్నమాట. దాంతో ఉన్న బండికే అలాయ్‌లు, బండి ఎత్తు తగ్గించే లోయరింగ్ స్ప్రింగులు, పెద్ద గొంతు సైలెన్సర్ బిగించుకున్నారు.

చిక్కంతా అమ్మేటప్పుడే. అమ్మేవాడు ఈ బిగింపుల బిల్లులన్నీ కూడి ధర చెబుతాడు. కొనేవాడు అవే బిల్లులు చూసి తగ్గించమంటాడు. ఇది ఉత్త బేరం తెలివి కాదు, వెనక చట్టం ఉంది. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ మొదట్లో ఇంత కటువుగా లేదు. ఆర్‌సీలో రాసిన వివరాలు మారేలా బండిని మారిస్తే, ముందుగా రవాణా శాఖకు చెప్పి అనుమతి తీసుకుంటే సరిపోయేది. 2000 సవరణతో కొలబద్దే మారింది. కంపెనీ తయారుచేసినప్పటి లెక్కలకు భిన్నంగా మార్పులు చేయకూడదన్నారు. అయినా చాలామంది పట్టించుకోలేదు. కేరళ నుంచి వెళ్లిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగా నిలబెట్టింది. రంగు మార్చుకోవడం, చిన్నచిన్న బిగింపులు వేరే సంగతి అంది. అదే ఏడాది వచ్చిన సవరణ చట్టం ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ అంది. నాలుగు మార్పులున్న బండికి ఎంతవుతుందో కొనేవాడు వేళ్ల మీద లెక్కేసుకోగలడు.

అమ్మేవాడి భయం వేరు. బండిని కొన్నవాడి పేరుకు మార్చే ఫారం 29, 30లను ఖాళీగానే ఉంచి సంతకాలు పెట్టి, డబ్బు తీసుకుని తాళాలు ఇచ్చేయడం మన దగ్గర పాత అలవాటు. చేతులు ఎన్ని మారినా ప్రమాద పరిహారానికి ఆర్‌సీలో పేరున్నవాడే బాధ్యుడని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. వేగం కోసం తయారుచేసిన బండిని వేగం కోసమే కొనేవాడి చేతిలో పెడుతున్నప్పుడు ఆ తీర్పు గుర్తుండాలి. రిజిస్టరైన డీలర్‌కు ఇచ్చి రవాణా శాఖకు తెలియజేస్తే బాధ్యత డీలర్‌కు మారే నిబంధన 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చింది. నేరుగా మనిషికి మనిషి అమ్ముకుంటే ఆ గొడుగు లేదు. పద్నాలుగు రోజుల్లో సమాచారం మనమే ఇవ్వాలి.

ఆ పైన రాష్ట్ర విభజన. ఇలాంటి బండికి మంచి ధర పెట్టేవాళ్లు హైదరాబాద్‌లోనే ఎక్కువ. 2014 జూన్ 1 వరకు అది ఒకే రాష్ట్రంలో పేరు మార్పు. ఆ మర్నాటి నుంచి ఫారం 28 పెట్టి ఇక్కడి రవాణా శాఖ దగ్గర ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకోవాలి, అక్కడ కొత్త నంబరు. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చాక, ఏపీ 31 ప్లేటు చూడగానే విశాఖ బండని, పాతదని తెలిసిపోతోంది. బీచ్ రోడ్డు ఉప్పుగాలికి అడుగు తుప్పు పట్టిందేమోనని వీల్ ఆర్చ్‌ల కింద వేలు పెట్టి గీకి చూస్తారు. నిజం చెప్పాలంటే ఆ అనుమానం సబబే.

పదిహేనేళ్లు నిండిన కారుకు ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఆ రుసుము 2022 ఏప్రిల్ 1న రూ.600 నుంచి రూ.5,000కు పెరిగింది. రుసుము కట్టేయొచ్చు, కానీ బండిని ఫిట్‌నెస్ పరీక్షకు నిలబెట్టాలి. 2002 నాటి వీటెక్‌కు 2017లో, 2022లో ఆ గండం గడిచింది, మళ్లీ 2027లో ఉంది. అందుకే బేరానికి వచ్చినవాళ్లు బానెట్ ఎత్తకముందే "కంపెనీ సైలెన్సర్ ఉంచావా గురూ, అమ్మేసావా?" అని అడుగుతున్నారు. అటక మీద ఉందంటే, దించి చూపించమంటున్నారు.