ముఖం చూసి మోసగాణ్ణి పట్టేస్తారా? విమానాశ్రయ ప్రశ్నలపై అపోహలు, వాస్తవాలు

శంషాబాద్‌లో విమానయాన భద్రతా సిబ్బందికి శిక్షణ ఇవ్వడం నా ఉద్యోగం. కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ ఇవే అపోహలు.

అపోహ: తడబడేవాళ్లు ఏదో దాస్తున్నట్టే.

వాస్తవం: రాత్రిపూట అంతర్జాతీయ విమానాల క్యూ చూడండి. కూతురి కాన్పుకని తొలిసారి డాలస్ బయల్దేరిన కరీంనగర్ పెద్దమ్మకు యూనిఫాం చూస్తేనే చెమటలు. ఆవకాయ ఎంత ఉందని అడిగితే మాట రాదు. అది టెన్షన్. నిజంగా దాచేవాడు జవాబులు బట్టీ పట్టి వస్తాడు. వందల అధ్యయనాలను కలిపి చూసిన మనస్తత్వ పరిశోధకులు బాండ్, డిపాలో 2006లో తేల్చిందేమిటంటే, నిజమేదో అబద్ధమేదో మనుషులు సరిగ్గా చెప్పగలిగేది సగటున 54 శాతం. బొమ్మా బొరుసా వేసినా 50 వస్తుంది! అమెరికాలో విమానాశ్రయాల భద్రత చూసే టీఎస్ఏ 2007 నుంచి హావభావాలు గమనించే ‘స్పాట్’ కార్యక్రమానికి సుమారు 90 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టింది. అది పనిచేస్తుందనడానికి ఆధారం లేదని, నిధులకు పరిమితి పెట్టాలని 2013లో అక్కడి ఆడిట్ సంస్థ జీఏవో చెప్పింది.

అపోహ: అయితే ప్రశ్నలే దండగ.

వాస్తవం: 1986 ఏప్రిల్‌లో లండన్ హీత్రోలో ఆన్ మేరీ మర్ఫీ అనే గర్భిణి బ్యాగ్ మామూలు తనిఖీ దాటేసింది. ఇజ్రాయెల్ విమాన సంస్థ ఎల్ ఆల్ సిబ్బంది మాట్లాడాక అనుమానం వచ్చి వెతికితే అడుగున బాంబు. పెట్టింది కాబోయే భర్త, ఆమెకు తెలియనే తెలియదు. ఆమె ముఖంలో వెతికితే ఏం దొరుకుతుంది? పట్టించింది జవాబులే.

అందుకే నేను నేర్పేది ముఖాలు చదవడం కాదు, మాట కలపడం. మాసాబ్‌ట్యాంక్‌లో ఆఫీసు అన్నారా, మధ్యాహ్నం భోజనం ఎక్కడ చేస్తారో అడగండి. నిజంగా అక్కడ పనిచేసేవాళ్లు తడుముకోరు. ఆర్మెరాడ్, డాండో అనే పరిశోధకులు ఇలాంటి పద్ధతినే నిజమైన విమానాశ్రయాల్లో పరీక్షించారు. ప్రయాణికుల్లా నటిస్తూ అబద్ధాలు చెప్పినవాళ్లలో 66 శాతం దొరికిపోయారు. హావభావాలు చూసే పద్ధతికి దొరికింది 5 శాతం లోపే. నటులతో చేసిన పరీక్షే అనుకోండి, అయినా తేడా చిన్నది కాదు.

అపోహ: బాగా ప్రశ్నిస్తే ఎక్స్‌రే అక్కర్లేదు.

వాస్తవం: 2001 డిసెంబర్ 21న పారిస్‌లో రిచర్డ్ రీడ్ అనే ప్రయాణికుణ్ణి పోలీసులు ప్రశ్నించి వదిలేశారు. ఆ రోజు అతనికి విమానం అందలేదు కానీ, మర్నాడు బూటులో బాంబుతోనే ఎక్కాడు. అడ్డుకున్నది విమాన సిబ్బంది, తోటి ప్రయాణికులు.

అపోహ: “బ్యాగ్ మీరే సర్దుకున్నారా?” అనేది ఫార్మాలిటీ.

వాస్తవం: మర్ఫీ కథే జవాబు. పక్కింటివాళ్లు ‘మా అబ్బాయికి ఇవ్వండి’ అని పొట్లం ఇచ్చి ఉంటే మొహమాటపడకుండా చెప్పేయండి. విప్పి చూస్తారు, అంతే.