జింకపిల్ల దాకా వచ్చిన వాదన

వాదన మళ్ళీ మొదలైంది. పసిపిల్లల చావు వార్త వచ్చిన ప్రతిసారీ ఇది మొదలవుతుంది. ఒకవైపు వాళ్ళు "ఇంత ఘోరం చూస్తూ ఇంకా దేవుడున్నాడంటారా, లేడని ఎప్పుడో తేలిపోయింది" అంటున్నారు. అవతలివైపు వాళ్ళు "ఆ వాదన యాభై ఏళ్ళ కిందటే ఓడిపోయింది, దాన్ని లేవదీసిన నాస్తికుడే ఓటమి ఒప్పుకున్నాడు" అంటున్నారు. రెండు మాటలకూ మూలాలు ఉన్నాయి. రెండూ 1955కూ 1982కూ మధ్య పుట్టినవే. ఆ ఇరవై ఏడేళ్ళలో ఏం జరిగిందో తెలియకపోతే ఇప్పటి గొడవలో ఎవరు ఏ ప్రశ్నకు జవాబు చెబుతున్నారో అర్థం కాదు.

దేవుడు మంచివాడూ శక్తిమంతుడూ అయితే చెడు ఎక్కడిది అని ప్రాచీన గ్రీకు తత్వవేత్త ఎపిక్యురస్ పేరిట తిరిగే ప్రశ్న, వీలైన లోకాల్లో ఇదే మేలైనది అని 1710లో జర్మన్ తత్వవేత్త లైబ్నిట్జ్ ఇచ్చిన సమాధానం, 1755 లిస్బన్ భూకంపం తర్వాత ఆ సమాధానం మీద ఫ్రెంచ్ రచయిత వోల్టేర్‌కు వచ్చిన కోపం చాలామందికి తెలిసినవే. వాటిని దాటేసి నేరుగా 1955కు వస్తాను.

ఆ ఏడాది 'మైండ్' అనే తత్వశాస్త్ర పత్రికలో జె.ఎల్. మ్యాకీ అనే ఆస్ట్రేలియా తత్వవేత్త ఒక వ్యాసం రాశాడు. దేవుడు ఉన్నాడనడానికి రుజువు లేదు అనడం పాత మాట. మ్యాకీ అంతకంటే పెద్ద మాట అన్నాడు. దేవుడు సర్వశక్తిమంతుడు, దేవుడు పూర్తిగా మంచివాడు, లోకంలో చెడు ఉంది. ఈ మూడూ కలిసి నిలవవు, ఏ రెండు నిజమైనా మూడోది అబద్ధం కావాల్సిందే అన్నాడు. మంచివాడు తన చేతనైనంత మేర చెడును తొలగిస్తాడు, సర్వశక్తిమంతుడికి చేతకానిది ఉండదు, అలాంటప్పుడు చెడు మిగలకూడదు. అంటే విశ్వాసి నమ్మేది ఆధారం లేని విషయం మాత్రమే కాదు, తనను తానే కొట్టేసుకునే విషయం అని అర్థం. మనిషికి స్వేచ్ఛ ఇచ్చాడు కాబట్టి చెడు వచ్చింది అనే జవాబు వస్తుందని మ్యాకీకి తెలుసు. ఒక మనిషి ఒకసారి తన ఇష్టంతో మంచిని ఎంచుకోగలిగినప్పుడు, ప్రతిసారీ తన ఇష్టంతోనే మంచిని ఎంచుకునే మనుషులను దేవుడు ఎందుకు చేయలేదు అని ముందే అడిగిపెట్టాడు.

చాలాకాలం ఇది పెద్ద దెబ్బగానే నిలిచింది. దానికి గట్టి జవాబు 1974లో ఒక పుస్తకంలో వచ్చింది. చెప్పినవాడు ఆల్విన్ ప్లాంటింగా, అప్పట్లో అమెరికాలో కాల్విన్ కాలేజీలో పాఠాలు చెప్పే క్రైస్తవ తత్వవేత్త. ఇప్పటి గొడవలో ఆస్తికుల వైపు వాదించేవాళ్ళు చాలామంది ఆయన పేరు తెలిసో తెలియకో ఆయన మాటనే చెబుతున్నారు. కాబట్టి ఆయన ఏమన్నాడో, ఏమనలేదో కొంచెం జాగ్రత్తగా చూడాలి.

ఇంట్లో మనిషి ఉన్నాడు అని ఒకరన్నారు. ఇంట్లో దీపం వెలగడం లేదు అని ఇంకొకరన్నారు. ఈ రెండూ పొసగవు అని మూడోవాడు వాదిస్తే, వాడి నోరు మూయించడానికి ఆ మనిషి నిద్రపోతున్నాడని రుజువు చేయనక్కరలేదు. నిద్రపోతూ ఉండవచ్చు అంటే చాలు. ఆ ఒక్క అవకాశం ఉన్నా రెండు మాటలూ పొసుగుతాయి. ప్లాంటింగా చేసింది ఇదే. దేవుడు చెడును ఎందుకు ఉండనిచ్చాడో నాకు తెలుసు అని ఆయన ఎక్కడా అనలేదు. కారణం చెప్పడం వేరు, కారణం ఉండే వీలుందని చూపడం వేరు అని ఆయనే గీత గీశాడు. స్వేచ్ఛ ఉన్న మనిషి ఒక పరిస్థితిలో ఏం చేస్తాడన్నది ఆ మనిషి చేతిలో ఉంటుంది, దేవుడు చేయిస్తే అది స్వేచ్ఛ కాదు. ఎవరిని పుట్టించినా, ఎలాంటి లోకంలో పుట్టించినా, స్వేచ్ఛ ఇస్తే కనీసం ఒక్కసారైనా దారి తప్పుతారేమో. అలా అయ్యే వీలుంటే, మంచి ఉండి చెడు లేని లోకం సర్వశక్తిమంతుడికి కూడా కుదరకపోవచ్చు. భూకంపాలు, రోగాలు మనిషి చేసినవి కావు కదా అంటే, వాటి వెనక మనిషి కాని, స్వేచ్ఛ ఉన్న ఇతర జీవులు ఉండే వీలు లేదని చెప్పగలరా అన్నాడు. వినడానికి వింతగా ఉంటుంది. కానీ ఆయనకు కావలసింది వీలు మాత్రమే, నిజం కాదు.

ఆ మేరకు పని జరిగింది. మ్యాకీ 1981లో చనిపోయాడు. మరుసటి ఏడాది అచ్చయిన ఆయన చివరి పుస్తకంలో, దేవుడి గురించిన మూల విశ్వాసాలు ఒకదానితో ఒకటి తర్కరీత్యా ఢీకొంటాయని చెడు సమస్య నిరూపించదని ఒప్పుకోవచ్చు అనే అర్థంలో ఒక వాక్యం ఉంది. "నాస్తికుడే ఒప్పుకున్నాడు" అనేవాళ్ళు పట్టుకున్న వాక్యం ఇదే. అది ఉన్నమాటే. కానీ ఇది నిజంగా సమస్యను తీర్చిందా అన్నది ఇంకో ప్రశ్న అని ఆయన వెంటనే జోడించిన మాటను వదిలేస్తున్నారు. నాకు బాధ కలిగించేది ఈ కోతే. చనిపోయిన మనిషి నిజాయితీగా ఇచ్చిన ఒక అంగుళాన్ని ఆయన మొత్తం నేలగా చూపిస్తున్నారు.

1974లోనే జూన్ నెలలో న్యూయార్క్‌లోని ఒక కేథడ్రల్‌లో, హిట్లర్ కాలంలో జరిగిన యూదుల మారణకాండ మీద సదస్సు జరిగింది. అక్కడ ఇర్వింగ్ గ్రీన్‌బర్గ్ అనే యూదు మతగురువు ఒక కొలబద్ద పెట్టాడు. కాలిపోతున్న పిల్లల ఎదుట నిలబడి చెప్పలేని ఏ మాటా, అది మతం మాటైనా మరో మాటైనా, చెప్పకూడదు అన్నాడు. ప్లాంటింగా పుస్తకం, ఈ మాట ఒకే ఏడాదివి. ఒకదానికొకటి జవాబు కావు. కానీ ఈ చర్చ తర్వాత ఎటు తిరిగిందో చూస్తే, తర్కం గెలిచిన ఆ ఏడాదే దానికి చేతకాని పని ఏమిటో కూడా బయటపడింది అనిపిస్తుంది.

అసలు మలుపు 1979లో వచ్చింది. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో పనిచేసే విలియమ్ రో రాసిన వ్యాసం 'అమెరికన్ ఫిలసాఫికల్ క్వార్టర్లీ'లో వచ్చింది. యువకుడిగా ఉన్నప్పుడు గాఢమైన క్రైస్తవ విశ్వాసి అయిన ఆయన అప్పటికి నాస్తికుడు. వైరుధ్యం ఉందన్న పాత వాదనను ఆయన పక్కన పెట్టేశాడు. ఎక్కడో ఒక అడవి. పిడుగు పడి ఎండిన చెట్టు అంటుకుంది. మంటల్లో ఒక జింకపిల్ల చిక్కుకుంది. ఒళ్ళంతా కాలి, చావు వచ్చేదాకా కొన్ని రోజులు విలవిల్లాడింది. రో చెప్పిన కథ ఇంతే.

ఈ ఉదాహరణను ఎంత ఆలోచించి ఎంచాడో చూడండి. అక్కడ మనిషి లేడు, కాబట్టి స్వేచ్ఛను తప్పుగా వాడుకున్నవాడు లేడు. జింకపిల్లకు పాపం, పశ్చాత్తాపం తెలియవు. ఆ బాధ నుంచి అది నేర్చుకునేదేమీ లేదు. చూసి జాలిపడి మంచివాడయ్యే మనిషి కూడా దగ్గర్లో లేడు. పిడుగులు, అడవులు మనిషి పుట్టకముందు నుంచీ ఉన్నాయి, ఇలాంటి చావులూ అప్పటినుంచీ ఉండి ఉంటాయి. ఆ కొన్ని రోజుల బాధలో ఒక్క రోజు తగ్గించినా ఏ గొప్ప మంచి నష్టపోయేది అని రో అడిగాడు. నాకేదీ కనబడడం లేదు, ఇలాంటివి ఇన్ని ఉన్నప్పుడు అన్నింటికీ వెనక తగిన కారణం ఉందనుకోవడం కష్టం, కాబట్టి అలాంటి దేవుడు లేడనుకోవడానికి మంచి ఆధారం ఉంది అన్నాడు. నిరూపించాను అనలేదు. ఇదే వ్యాసంలో, ఆస్తికుడు కూడా తన తెలివి వాడుకునే నమ్ముతూ ఉండవచ్చని ఒప్పుకుని, తన వైఖరికి స్నేహపూర్వక నాస్తికత్వం అని పేరు పెట్టుకున్నాడు.

ఇందాకటి ఇంటికి మళ్ళీ వెళ్దాం. దీపం లేకపోతే మనిషి నిద్రలో ఉండవచ్చు. పది రోజులుగా తలుపు కొడుతున్నా పలుకు లేదు, లోపల పిల్లవాడి ఏడుపు వినిపిస్తోంది, ఎవరూ ఎత్తుకోవడం లేదు. ఇప్పటికీ లోపల మనిషి ఉన్నాడనడంలో వైరుధ్యం లేదు. కానీ నమ్ముతామా? 1979 తర్వాత ప్రశ్న ఇలా మారింది. 'పొసుగుతుందా' అన్నది వెనక్కి పోయి, 'నమ్మదగిందా' అన్నది ముందుకు వచ్చింది. ఇప్పుడు గొడవపడుతున్న రెండు వర్గాల్లో ఒకరు మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబుతో రెండో ప్రశ్నను కొట్టేస్తున్నారు. ఇంకొకరు రెండో ప్రశ్న బలాన్ని చూసుకుని మొదటిదాంట్లోనూ గెలిచామనుకుంటున్నారు.

మన భాషలో ఈ మలుపు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 'చెడు' అనగానే అది చేసినవాడెవడా అని చూస్తాం. 'బాధ' అనగానే పడుతున్నదెవరా అని చూస్తాం. స్వేచ్ఛ వాదన చేసినవాడి వైపు చూసి మాట్లాడింది. రో జింకపిల్ల వచ్చాక చర్చ పడుతున్నవాళ్ళ వైపు తిరిగింది.

రోకు 1984లో స్టీఫెన్ వైక్‌స్ట్రా అనే క్రైస్తవ తత్వవేత్త జవాబిచ్చాడు. కారణం మనకు కనబడకపోతే కారణం లేదని ఎలా అంటాం? దేవుడి ముందు మనం పసికందులం, తల్లిదండ్రుల ఉద్దేశాలు పసికందుకు తెలుస్తాయా అన్నాడు. వినయంతో కూడిన మాటే. సూది గుచ్చించుకున్న బిడ్డకు ఆ సూది ఎందుకో తెలియదు. కానీ దీనికి మూల్యం ఉంది. ఏ బాధ వెనక ఏ మేలు దాగుందో మనకు అంతుపట్టదు అంటే, నీళ్ళలో మునుగుతున్న బిడ్డను నేను కాపాడాలా వద్దా అన్నదీ అంతుపట్టకూడదు. మైకేల్ అల్మేడా, గ్రాహమ్ ఆపీ అనే తత్వవేత్తలు 2003లో గట్టిగా అడిగింది ఇదే. రో ఇంకో దారిలో వచ్చాడు. బిడ్డకు అర్థంకాని బాధ తప్పనప్పుడు ప్రేమించే తల్లిదండ్రులు ఏం చేస్తారు? మంచం పక్కన కూర్చుంటారు. చేయి పట్టుకుంటారు. కారణం చెప్పలేకపోయినా నేనున్నాను అని తెలిసేలా చేస్తారు. బాధలో ఉన్న ఎంతోమందికి ఆ పాటి ఉనికి కూడా తెలియడం లేదే అన్నాడు. ఈ మాటకు గట్టి జవాబు నేను ఇంతవరకు చదవలేదు.

ఇక్కడ ఒక పాఠకుడు కర్మ మాటేమిటి అని తప్పక అడుగుతాడు. అడగాల్సిందే. బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయం మొదటి పాదంలో 34వ సూత్రం ఈ ప్రశ్ననే తీసుకుంటుంది. కొందరిని సుఖంలో, కొందరిని దుఃఖంలో పుట్టించిన ఈశ్వరుడికి వైషమ్యం, నైర్ఘృణ్యం అంటవా? అంటే పక్షపాతం, దయలేనితనం. అంటవు, ఆయన జీవుల కర్మను బట్టి సృష్టిస్తాడు అని జవాబు. వాన అన్ని పంటలకూ ఒకటే, వరి వరిగా యవలు యవలుగా మొలవడం విత్తనాన్ని బట్టి అని శంకరుడు భాష్యంలో వివరించాడు. మొట్టమొదటి సృష్టిలో కర్మ ఎక్కడిది అంటే, సంసారానికి మొదలు లేదు అని తర్వాతి సూత్రం. స్వేచ్ఛ వాదనకు అందని జింకపిల్లను ఈ సిద్ధాంతం అందుకోగలదు, దానికీ వెనకటి జన్మ ఉందనగలదు. ఆ బలం దీనికుంది. ఆర్థర్ హెర్మన్ అనే తత్వవేత్త 1976లో ఈ బలాన్ని చూపిస్తూ ఒక పుస్తకమే రాశాడు. విట్లీ కాఫ్‌మన్ అనే మరో తత్వవేత్త 2005లో కర్మ సిద్ధాంతానికి ఎదురు చెప్పాడు. చేసిన తప్పు గుర్తులేనివాడికి వేసే శిక్ష ఏ న్యాయం, మొదలు లేదనడం జవాబా లేక జవాబును వెనక్కి నెట్టడమా అని అడిగాడు. నేను గ్రీన్‌బర్గ్ కొలబద్దనే ఇక్కడా వాడతాను. కాలిన బిడ్డ మంచం పక్కన నిలబడి ఇది నీ కర్మ అని ఎవరైనా అనగలరా? నేను అనలేను.

మూతపడిందనుకున్న మొదటి ప్రశ్న కూడా మళ్ళీ తెరుచుకుంది. ప్లాంటింగా 1982 నుంచి పనిచేసిన నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలోనే ఉన్న జేమ్స్ స్టెర్బా, 2019లో మంచి దేవుడు తర్కరీత్యా సాధ్యమేనా అంటూ పుస్తకం తెచ్చాడు. దాడి చేసేవాడి స్వేచ్ఛను గౌరవిస్తే దాడికి గురయ్యేవాడి స్వేచ్ఛ పోతుంది, న్యాయమైన ప్రభుత్వం దాడి చేసేవాణ్ణి ఆపుతుంది, దేవుడు ఎందుకు ఆపడు అన్నది ఆయన వాదన. చెడు చేసి మేలు తేవచ్చు అన్నది తప్పయితే, ఘోరాన్ని జరగనిచ్చి మేలు తేవడం ఎలా ఒప్పు అంటాడు. అందుచేత "ఎప్పుడో ఓడిపోయింది" అన్న మాట ఇప్పటికి నిజం కాదు. గెలిచిందీ కాదు, స్టెర్బాకు జవాబులు వస్తూనే ఉన్నాయి.

విశ్వాసుల్లో నన్ను కదిలించిన జవాబు మెరిలిన్ మెకార్డ్ ఆడమ్స్‌ది. ఆమె తత్వవేత్త, అమెరికాలోని ఎపిస్కోపల్ అనే క్రైస్తవ చర్చిలో పూజారి కూడా. కొన్ని ఘోరాలు పడ్డవాళ్ళ బతుకుకే అర్థం లేకుండా చేస్తాయని, వాటికి ఎందుకు అన్న ప్రశ్నకు సరిపోయే జవాబు మన దగ్గర లేదని ఆమె 1989 నుంచి రాస్తూ వచ్చింది. లోకం మొత్తం మీద మేలు ఎక్కువైందని లెక్క చూపితే చాలదు, ఘోరం అనుభవించిన ఆ ఒక్క మనిషికి, ఆ మనిషి సొంత బతుకులోనే దేవుడు మంచివాడు కావాలి, కాకపోతే ఆయన్ను మంచివాడు అనకూడదు అంది. ఆమె ఆశ దేవుడి మీదే, ఈ బతుకుతో ముగియని ఒక బతుకు మీద. ఆ ఆశను నేను పంచుకోలేకపోయినా, లెక్కను ఆమె పెట్టిన చోటే పెట్టాలనిపిస్తుంది. ఇప్పుడు నడుస్తున్న గొడవలో ఆమె పేరు ఎత్తినవాళ్ళు నాకు ఇంకా కనబడలేదు.