పడదు అంటే, ఏది పడదు?

మా చెల్లెలి కూతురికి ఆరేళ్లు. సంక్రాంతి సెలవులకి విశాఖలో మా ఇంటికి వచ్చినప్పుడు, పొద్దున్నే ఇడ్లీలో పల్లీ చట్నీ వెయ్యబోతే ప్లేటుకి చెయ్యి అడ్డం పెట్టింది. "పెద్దమ్మా, నాకు పల్లీలు పడవంట" అంది. మూడు నెలల కిందటి దాకా అదే చట్నీని వేలితో నాకి తిన్న పిల్ల.

చెల్లెల్ని అడిగితే ఫైలు తెచ్చి ముందు పెట్టింది. పిల్లకి జ్వరం తగ్గిన వారంలో ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. రాత్రిళ్లు తుమ్ములు ఎప్పట్నుంచో ఉన్నాయి. ఎవరో చెబితే ఒక ల్యాబ్‌లో ప్యాకేజీ టెస్టుకి రక్తం ఇచ్చారు. రిపోర్టులో వరసగా గుడ్డు, పాలు, గోధుమ, వేరుశనగ, రొయ్య, బొద్దింక, ఇంటి దుమ్ము. ఒక్కోదాని పక్కన ఒక అంకె, ఆ అంకె ఎంత ఎక్కువో చెప్పే ఒక క్లాసు. గుడ్డుకి, గోధుమకి, వేరుశనగకి క్లాస్ 1. రొయ్యకి క్లాస్ 3. దుమ్ము పురుగుకి క్లాస్ 4. "పాజిటివ్ వచ్చినవన్నీ మానిపించండి" అని చెప్పి పంపేశారు. అమ్మ కాబట్టి భయపడి అన్నీ మానిపించింది. పిల్ల బరువు పెరగడం ఆగిపోయింది.

ఆ కాగితం ఏం చెబుతుందో, ఏం చెప్పదో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

మనకి "పడదు" అనే మాట తాతల నాటి నుంచీ ఉంది. వంకాయ పడదు, పాలు పడవు, చల్లగాలి పడదు. దురద పెట్టినా పడదంటాం, కడుపు ఉబ్బినా పడదంటాం, ఆయాసం వచ్చినా అదే మాట. విశాఖలో చలికాలం మొదలవుతుండగా ఏడాకుల చెట్లు పూస్తే, ఆ ఘాటు వాసన పడక తలనొప్పి వస్తోందని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. పాలలోని చక్కెర అరగక వచ్చే కడుపునొప్పి వేరు, ఘాటు వాసనకి ముక్కు మండటం వేరు, ఒంట్లోని రక్షణ వ్యవస్థ తిరగబడటం వేరు. మూడోది మాత్రమే అలర్జీ. ఈ మూడింటినీ విడదీయడానికే వైద్యులకి చాలా ఏళ్లు పట్టింది.

మాంచెస్టర్ డాక్టర్ చార్లెస్ బ్లాక్లీకి ఏటా వేసవి రాగానే ముక్కు కారేది, తుమ్ములు ఆగేవి కావు. ఎండ వల్ల అని కొందరు, ఎండుగడ్డి వాసన వల్ల అని కొందరు అనేవారు. ఆయన తన చేతి మీద చర్మాన్ని కొద్దిగా గీరి, తడిపిన పుప్పొడి పెట్టి చూసుకున్నాడు. అక్కడ దురద పెట్టి వాచింది. గాలిలో పుప్పొడి ఎంత ఎత్తున ఉందో చూడటానికి జిగురు పూసిన గాజు పలకల్ని గాలిపటాలకి కట్టి ఎగరేశాడు. ఇదంతా 1873లో పుస్తకంగా రాశాడు. ఇప్పుడు అలర్జీ క్లినిక్‌లో ముంజేతి మీద చుక్కలు వేసి సూదితో గుచ్చే పరీక్షకి మూలం అదే.

"అలర్జీ" అన్న మాట 1906లో వచ్చింది. వియన్నాలో పిల్లల డాక్టర్ క్లెమెన్స్ ఫాన్ పిర్కే, గుర్రపు రక్తం నుంచి తీసిన సీరం మందుని రెండోసారి ఇచ్చిన పిల్లల్లో ఒళ్లు మొదటిసారి కన్నా త్వరగా, వేరేగా స్పందించడం గమనించి, "మారిన స్పందన" అనే అర్థంలో గ్రీకు మాటలు కలిపి ఈ పేరు పెట్టాడు. 1911లో లండన్‌లో లియోనార్డ్ నూన్, గడ్డి పుప్పొడి సారాన్ని కొంచెం కొంచెంగా పెంచుతూ ఇంజెక్షన్ ఇస్తే ఒళ్లు అలవాటు పడుతుందని చూపించాడు. రెండేళ్లకే క్షయతో చనిపోయాడు. ఆ పనిని జాన్ ఫ్రీమన్ కొనసాగించాడు.

నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం 1921 నాటి చేప కథ. జర్మనీలో హైంజ్ క్యూస్ట్‌నర్ అనే డాక్టర్‌కి చేప పడేది కాదు. ఆయన రక్తం నుంచి తీసిన సీరాన్ని స్నేహితుడు కార్ల్ ప్రౌస్నిట్జ్ తన పొట్ట చర్మంలోకి ఎక్కించుకున్నాడు. మర్నాడు అదే చోట చేప సారం ఎక్కిస్తే దద్దు లేచింది. ప్రౌస్నిట్జ్‌కి చేపతో ఏ ఇబ్బందీ లేదు. అంటే ఈ "పడకపోవడం" రక్తంలో ఉన్న ఏదో పదార్థం ద్వారా ఒక మనిషి నుంచి ఇంకొకరికి చేరింది. అదేమిటో తేలడానికి ఇంకో 45 ఏళ్లు పట్టింది. 1960ల చివర్లో అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిక్ వేర్వేరుగా కనిపెట్టిన ఆ యాంటీబాడీకి, అంటే రక్షణ వ్యవస్థ తయారుచేసే ప్రొటీన్‌కి, 1968లో ఐజీఈ అని పేరు పెట్టారు. మా చెల్లెలి చేతిలోని రిపోర్టు కొలిచింది ఈ ఐజీఈనే.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఐజీఈ ఉన్నంత మాత్రాన తిన్నప్పుడు రియాక్షన్ వస్తుందని కాదు. మన పక్కనే కర్ణాటకలో పెద్దవాళ్ల మీద చేసి 2016లో ప్రచురించిన, యూరోప్రివాల్ అనే ఆహార అలర్జీల అధ్యయనంలో, ఏదో ఒక ఆహారానికి ఐజీఈ ఉన్నవాళ్లు 26.5 శాతం. నిజంగా ఆహార అలర్జీ ఉండే అవకాశం కనిపించినవాళ్లు 1.2 శాతం. ఈ రెండు అంకెలూ ప్రతి ప్యాకేజీ టెస్టు రిపోర్టు మీదా అచ్చు వెయ్యాలని నా కోరిక. ఇక ఐజీజీ అనే ఇంకో రకం యాంటీబాడీని కొలిచే టెస్టు కూడా అమ్ముతున్నారు. దాంతో ఆహార అలర్జీ తేలదని యూరప్ అలర్జీ నిపుణుల సంఘం 2008లోనే తేల్చి చెప్పింది. దానికి డబ్బు పెట్టొద్దు.

మరి రొయ్యకి క్లాస్ 3 ఎందుకొచ్చింది? విశాఖలాంటి ఊరికి ఈ ప్రశ్న చాలా దగ్గరిది. ఫిషింగ్ హార్బర్ నుంచి రొయ్య రాని వీధి లేదు ఇక్కడ. రొయ్యలో అలర్జీకి ముఖ్య కారణం ట్రోపోమయోసిన్ అనే కండరాల ప్రొటీన్ అని 1993లో తేల్చిన బృందంలో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ (ఐఐఎస్‌సీ)కి చెందిన పి.వి. సుబ్బారావు ఉన్నారు. వాళ్లు పరిశీలించింది మన తీరంలో దొరికే రొయ్యనే. ఉడికించినా ఈ ప్రొటీన్ చెడదు. అందుకే బాగా అలర్జీ ఉన్నవాళ్లకి రొయ్యలు ఉడికే ఆవిరి పీల్చినా ఆయాసం రావచ్చు. దాదాపు ఇలాంటి ప్రొటీనే బొద్దింకలోనూ, దుమ్ము పురుగులోనూ ఉంది.

దుమ్ము పురుగు కంటికి కనపడదు. పరుపుల్లో, దిండ్లలో మన చర్మం నుంచి రాలే పొట్టు తిని బతుకుతుంది. నీళ్లు తాగదు, గాలిలోని చెమ్మనే పీల్చుకుంటుంది. ఇంటి దుమ్ము అలర్జీకి అసలు కారణం ఇదేనని 1964లో నెదర్లాండ్స్‌లో ఫోర్‌హోర్స్ట్, స్పీక్స్‌మా బృందం చెప్పింది. సముద్రపు చెమ్మ ఆరని మన ఊళ్లో దానికి లోటేముంటుంది? దుమ్ము పురుగు మీద తయారైన ఐజీఈ, టెస్టులో రొయ్యని కూడా గుర్తుపట్టి పాజిటివ్ చూపించగలదు. తింటే ఏమవుతుందో మాత్రం తింటేనే తెలుస్తుంది.

మానిపించడం వల్ల నష్టం లేదు కదా అని చాలామంది అనుకుంటారు. నష్టం ఉంది. 2000లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం, అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువున్న పిల్లలకి మూడేళ్ల దాకా వేరుశనగ పెట్టొద్దని చెప్పి, 2008లో ఆ మాట వెనక్కి తీసుకుంది. 2015లో లండన్‌లో గిడియాన్ ల్యాక్ బృందం 640 మంది పసిపిల్లల మీద చేసిన లీప్ అధ్యయనం ఫలితాలు వచ్చాయి. ఏడాది లోపే వేరుశనగ తినిపించడం మొదలుపెట్టిన పిల్లల్లో, అయిదేళ్లు వచ్చేసరికి ఆ అలర్జీ 80 శాతం దాకా తగ్గింది. పసిపిల్లలకి పల్లీ గుళ్లు మాత్రం ఇవ్వకూడదు, గొంతుకి అడ్డం పడతాయి. మెత్తగా చేసే పెట్టాలి.

మందుల్లోనూ మార్పు వచ్చింది. ఐజీఈని పట్టి ఉంచే ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్‌కి అమెరికాలో 2003లో ఆస్తమా కోసం, 2024 ఫిబ్రవరిలో ఆహార అలర్జీ కోసం అనుమతి ఇచ్చారు. ఆ అనుమతికి ఆధారమైన పరీక్షలో, ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో 67 శాతం మంది 600 మిల్లీగ్రాముల వేరుశనగ ప్రొటీన్‌ని తట్టుకున్నారు. పోల్చి చూడటానికి మందు లేని ఉత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో 7 శాతమే. ఖరీదైన మందు, అందరికీ అందదు. ప్రాణం మీదికి వచ్చే రియాక్షన్‌కి మాత్రం ఇప్పటికీ మొదటి మందు తొడ కండరంలో ఇచ్చే అడ్రినలినే. అది చౌక. పెదాలు వాచి, గొంతు పట్టేసి, ఆయాసం వస్తుంటే అలర్జీ మాత్ర వేసి చూద్దామని ఇంట్లో కూర్చోవద్దు, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

మా పిల్లని చివరికి ఒక అలర్జీ డాక్టర్‌కి చూపించాం. ఆయన రిపోర్టు చూసే ముందు, "ఏం తింటే ఏమైంది, ఎంతసేపటికి?" అని అడిగారు. గుడ్డు, పల్లీ, గోధుమ ఏళ్లుగా తింటూ ఏమీ కాలేదంటే, "ఇవాళ్టి నుంచే పెట్టండమ్మా" అన్నారు. పిల్లల్లో జ్వరం తర్వాత దద్దుర్లు రావడం మామూలేనని చెప్పారు. ఎప్పుడూ సరిగ్గా తినని రొయ్యకి మాత్రం ఆసుపత్రిలోనే పరీక్ష పెట్టారు. ఐదారు రోజుల ముందు అలర్జీ మాత్రలు ఆపించారు. చెల్లెలు ఇంట్లో ఉప్పు వేసి ఉడికించి డబ్బాలో తెచ్చింది. పక్కన ట్రేలో అడ్రినలిన్ సిద్ధంగా ఉంది. మొదట బియ్యపు గింజంత ముక్క. ఇరవై నిమిషాలు ఆగి, పెదాలు, చర్మం, ఊపిరి చూసి ఇంకొంచెం. అలా మధ్యాహ్నానికి మూడు రొయ్యలు తినేసింది. ఆ తర్వాత రెండు గంటలు కూర్చోబెట్టారు. ఒక్క దద్దూ లేవలేదు.

దుమ్ము పురుగు అలర్జీ మాత్రం నిజమే. పరుపుకి కవరు తొడిగారు, దుప్పట్లు వారం వారం వేడినీళ్లలో ఉతుకుతున్నారు, ముక్కులో స్ప్రే వాడుతున్నారు. అయినా తుమ్ములు పూర్తిగా తగ్గకపోతే, నూన్ చూపించిన దారిలోనే దుమ్ము పురుగు సారాన్ని కొంచెం కొంచెంగా ఇచ్చే చికిత్స ఉందని, దానికి మూడేళ్లు పడుతుందని డాక్టర్ చెప్పారు. వేసవి సెలవుల్లో మళ్లీ చూపించి, అప్పుడు నిర్ణయిస్తారు.